టిలూ చెయ్యి

వంపు తిరిగితే అమ్మ ఇల్లు. వంపు ఇంకా వంద గజాలుందనగానే నా నోరు తన పని తాను మొదలుపెట్టేస్తుంది, దానికి నా అవసరం లేదు. పదకొండేళ్ళుగా వారానికి నాలుగు రోజులు ఇదే చోట ఇవే మాటలు. ఎడమ పక్కన కనిపించేవి దాల్చిన చెట్లు, ఆకు తుంపి నలిపి వాసన చూడండి, కుడి పక్క లోయలో వినిపించేది మా నది, ఇప్పుడు మనం వెళ్ళేది స్టాజీ మామ్మ ఇంటికి, డెబ్భై ఏడేళ్ళ మనిషి, కోకో గింజ చెట్టు మీది నుంచి కప్పులోకి ఎలా వస్తుందో ఆవిడ చేతులే చూపిస్తాయి, తొందరేమీ లేదు, మన యాత్రలో తొందర అన్న మాటే లేదు, కూర్చోవచ్చు, తాగవచ్చు, కునుకు తీసినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ నవ్వుతారు. నవ్వారు. నోరు ఇంగ్లీషులో వాళ్ళను నవ్విస్తూనే ఉంది, చెవులు మాత్రం కిటికీ అవతల ఉన్నాయి. నది ఈ రోజు వేరుగా మోగుతోంది. తెల్లవారుజామున పైకొండల్లో గట్టి వాన పడినట్టుంది, ఇక్కడ నేల పొడిగానే ఉన్నా కింద నీళ్ళు ఎర్రగా లేచాయి. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు, రాయి మీద రాయి దొర్లే చప్పుడు, ఎవరో పెద్ద ఇనప్పెట్టెను గచ్చు మీద అటూ ఇటూ లాగుతున్నట్టు. వ్యాను తోలుతున్న ఆస్బర్ట్ కూడా విన్నాడు. అద్దంలోంచి నా వైపు చూసి, "రాళ్ళు దొర్లుతున్నాయి టీచరమ్మా, తిరిగి వెళ్ళేటప్పుడు కింది దారి కుదరదు, పైనుంచే పోదాం" అన్నాడు మా దీవి భాష క్రియోల్‌లో. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పినదాన్ని కాదు, రోజూ ఒకే పాఠం ఒప్పజెబుతానని వాడి ఎగతాళి. "నువ్వు రోడ్డు చూడు, నది సంగతి నది చూసుకుంటుంది" అన్నాను.

వెనక ఆరుగురే, ఓడ దిగి మా దీవి చూడ్డానికి వచ్చినవాళ్ళు. చిన్న గుంపు అనే కదా వీళ్ళు మా దగ్గరికి రావడం. యాభై మందితో కలిసి బస్సెక్కి జలపాతానికి పోయి తడిసి వచ్చే రకం కాదు మేం, మాకు మనుషులు కావాలి, అని పొద్దున రేవులో ఒకరికొకరు చెప్పుకున్నారు. కొత్తగా పెళ్ళయిన జంట, ఆమె కాళ్ళు అతని ఒళ్ళో. బడి ఉద్యోగాల నుంచి రిటైరైన అక్కచెల్లెళ్ళిద్దరు, ప్రతి చెట్టు పేరూ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. మెడలో కెమెరా వేలాడుతున్న పొడుగాటాయన, ఎక్కడ దిగినా ముందు మనిషిని కాదు వెలుగుని చూస్తాడు. ఆఖరి సీట్లో ఒంటరిగా ఒక పెద్దావిడ, నల్లటి మనిషి, నెరిసి తెల్లబడ్డ జుట్టు, గడ్డి టోపీ, నా కాగితంలో పేరు మదాం లోర్, దేశం కెనడా అని ఉంది. పొద్దుటి నుంచి పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. కర్రపెండలం రొట్టెలు కాల్చే ఇంటి దగ్గర అందరూ ఫోటోలు తీస్తుంటే ఆవిడ రొట్టె ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది, తినలేదు, చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇలాంటివాళ్ళు అప్పుడప్పుడు వస్తారు, ఎక్కడో ఏదో పోగొట్టుకుని మా దీవిలో వెతుక్కునేవాళ్ళు. వాళ్ళను కదపకూడదు. అది కూడా నా పాఠంలో భాగమే.

స్టాజీ మామ్మ మా అమ్మ అని వీళ్ళకు చెప్పను. మొదట్లో చెప్పేదాన్ని. చెబితే కళ్ళు తుడుచుకుంటారు, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఒకరి భుజం మీద ఒకరి చేత చెయ్యి వేయించి ఫోటో తీస్తారు. అమ్మ బిగుసుకుపోయేది, నేనూ బిగుసుకుపోయేదాన్ని, మేం అలా ఒకరినొకరం ముట్టుకునే మనుషులం కాదు. అందుకని మానేశాను. ఇప్పుడు చెప్పినా లాభం లేదు, ఆ సంగతి అమ్మకే తెలియదు. మొదట పొయ్యి మీద గిన్నె మరిచిపోయింది, తర్వాత ఆదివారాలు మరిచిపోయింది, పోయిన ఏడాది నన్ను చచ్చిపోయిన పిన్ని పేరుతో పిలిచింది, ఆగస్టు నుంచి మదాం అంటోంది. ఓడ దిగి వచ్చిన ఆరుగురికి నేను ఏడోదాన్ని. పట్నంలో డాక్టరన్నాడు, చేతులకు అలవాటైన పని ఆపించకండి, మనసు పోయినా చేతులు కొన్నాళ్ళుంటాయి, పని ఆగితే అవీ పోతాయి అని. అందుకని తీసుకొస్తున్నానా వీళ్ళను, లేక మా యాత్రలో మూడో మజిలీ ఖాళీ కాకూడదని తీసుకొస్తున్నానా, ఈ ప్రశ్న ఈ వంపు దగ్గర ప్రతిసారీ వస్తుంది, వంపు తిరగ్గానే పోతుంది, ఎందుకంటే తిరగ్గానే రేకుల కప్పు కనిపిస్తుంది, వరండా కనిపిస్తుంది, వరండాలో మద్రాసు గళ్ళ పాగా చుట్టుకుని, పిట్టగోడ పట్టుకుని, చెయ్యి ఊపుతూ అమ్మ కనిపిస్తుంది.

ఈ రోజు చెయ్యి ఊపలేదు. పాగా కూడా లేదు, నెరిసిన జుట్టు పిచ్చుక గూడులా ఉంది. వీపు మా వైపు, మొహం లోయ వైపు. పక్కింటి విల్మా, నేను పట్నంలో ఉన్నప్పుడల్లా అమ్మను కనిపెట్టుకుని ఉండే మనిషి, మెట్ల కిందికే ఎదురొచ్చింది. "పొద్దుట్నుంచీ అలాగే చూస్తోందే నది వైపు. తిండి ముట్టలేదు. పాగా కట్టబోతే నా చెయ్యి ఫెడీమని కొట్టింది. ఈ పూటకి వీళ్ళను తిప్పి పంపెయ్యరాదూ?" అంది గొంతు తగ్గించి. "ఇంతదూరం వచ్చాక ఏమని పంపను?" "జ్వరమొచ్చిందని చెప్పు. ముసలాళ్ళకి జ్వరాలు రావా ఏంటి?" నేను వ్యాను వైపు చూసేసరికి, "నీ ఇష్టం మరి, నాకేం, నీ అమ్మ" అని మూతి తిప్పుకుని లోపలికి పోయింది. పంపేయాల్సింది. ఆ ఒక్క మాట ఇంగ్లీషులో అనడానికి నాకు నిమిషం పట్టేది కాదు. కానీ అప్పటికే అక్కచెల్లెళ్ళు మెట్లెక్కేశారు, పెద్దామె చేతులు రెండూ జోడించి అమ్మకు వంగి దండం పెడుతోంది, ఆ మర్యాద ఏ దేశంలో నేర్చుకుందో ఏమో, అమ్మ వెనక్కి తిరిగి ఆమెను చూసి, నన్ను చూసి, "రండి మదాం, రండి, కూర్చోండి, గింజలు తయారుగా ఉన్నాయి" అంది. అంతే, చేతులు మేలుకున్నాయి.

ఆ చేతుల్ని చూస్తుంటే ఆవిడ మనసులో ఏదైనా పోయిందని ఎవరూ అనుకోరు. ఇనప మూకుడు పొయ్యి మీదికెక్కింది, పులియబెట్టి ఎండబెట్టిన గింజలు అందులో పడ్డాయి, చెక్క గరిటె ఒకే లయలో తిరుగుతోంది, గింజ చిట్లే చప్పుడు విని అమ్మ మంట తగ్గిస్తుంది, కళ్ళతో చూడనక్కర్లేదు. నేను చెబుతూనే ఉన్నాను, కోకో పండు లోపలి తెల్లటి గుజ్జు తియ్యగా ఉంటుంది, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు, గింజ ఆరు రోజులు అరటాకుల్లో పులుస్తుంది, ఆరు రోజులు ఎండుతుంది. టిలూకి ఆ గుజ్జంటే ప్రాణం. గింజ నోట్లో పెట్టుకుని చప్పరించి చప్పరించి తెల్లటి గుజ్జంతా పోయాక నా అరచేతిలో ఉమ్మేవాడు, దాచిపెట్టు అక్కా రేపటికి అని. టిలూ అంటే లుషియన్, నా తమ్ముడు, అప్పటికి వాడికి ఐదేళ్ళు, నాకు ఎనిమిది. నాన్న పక్క దీవిలో చెరకు కొట్టడానికి పోయాడు. ఆ పెద్ద తుఫాను పొద్దుటిపూట వచ్చింది, బడి ఉండాల్సిన రోజు. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాలంటే ముందు పక్షులు ఆగిపోయాయి, తర్వాత కప్పు లేచిపోయింది, పూర్తిగా కాదు, ఒక మూల లేచి మళ్ళీ పడి మళ్ళీ లేచి, పుస్తకం చదివేవాడు పేజీ తిప్పాలా వద్దా అని చూసినట్టు. చర్చికి పోదాం అంది అమ్మ. చర్చి ఎత్తున ఉంది, మధ్యలో దారి. ఆ దారిలోకి నది వచ్చింది.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే, వాడి చెయ్యి నా చేతిలోంచి జారడం. నలభై ఐదేళ్ళుగా నాకు అంతకంటే బాగా గుర్తున్నది ఏదీ లేదు, మొదటిసారి పెద్ద పట్నం చూడటం కాదు, నాన్న చావు కాదు, అంతెందుకు నిన్న ఏం తిన్నానో కూడా కాదు. వాడి వేళ్ళు చిన్నవి, వెచ్చగా ఉన్నాయి, సబ్బు ముక్కలా జారాయి, బొటనవేలు ముందు, ఆఖర్న చిటికెనవేలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టగలను. కళ్ళు తెరిచేసరికి చర్చిలో బెంచీ మీద ఉన్నాను, ఒళ్ళు కాలిపోతోంది, ఎవరో ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు, గోడకానుకుని కూర్చున్న అమ్మ ఫాదర్‌తో అంటోంది, జెర్లీన్ వదిలేసింది ఫాదర్, వాడి చెయ్యి దాని చేతిలో పెట్టాను, అది వదిలేసింది. జెర్లీన్ అంటే నేనే. అమ్మ నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఒక్క మాట అనలేదు. ఊళ్ళో పిల్లలు అన్నారు, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆటలో నన్ను చేర్చుకునేవాళ్ళు కాదు, దీని చెయ్యి పట్టుకుంటే చస్తారు రోయ్ అని. శవం దొరకలేదు. శ్మశానంలో కింద ఏమీ లేని సిలువ ఒకటి పాతారు. ప్రతి నవంబరులో చనిపోయినవాళ్ళ రోజున ఊరంతా సమాధుల మీద కొవ్వొత్తులు పెడుతుంటే అమ్మ అగ్గిపెట్టె నాకిచ్చేది, నువ్వే వెలిగించు అనేది. వెలిగించేదాన్ని. హ్యూబర్ట్ నాతో ఆరేళ్ళు ఉన్నాడు, మంచివాడు, పిల్లలు కావాలన్నాడు, నేను వద్దన్నాను, ఎందుకు అన్నాడు, నాకు పట్టుకోవడం రాదు అన్నాను, వాడికి అర్థం కాలేదు, ఇప్పుడు వాడికి ముగ్గురు. యాత్రలో వాగు దాటాల్సి వస్తే ముసలివాళ్ళకు చెయ్యి అందించేది ఆస్బర్టే, నేను కాదు, నేను అవతలి ఒడ్డున నిలబడి జేబుల్లో చేతులు పెట్టుకుని రాళ్ళెక్కడ జారుతాయో నోటితో చెబుతాను.

గింజలు వేగాయి, పొట్టు ఒలిచి రోట్లో పోశారు, కొత్త పెళ్ళికొడుకు రోకలి అందుకుని నాలుగు పోట్లు పొడిచి చెమటలు కక్కాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ నవ్వలేదు. మామూలుగా అయితే ఇక్కడ, "వీడు రాత్రంతా ఏం చేశాడే, ఒంట్లో సత్తువ లేదు" అంటుంది, నేను దాన్ని ఇంగ్లీషులోకి మర్యాదగా మారుస్తాను, మార్చినా అర్థమైపోయి పెళ్ళికూతురు ఎర్రబడుతుంది. ఈ రోజు అమ్మ జాజికాయ తురుముతూ తురుముతూ ఆపేసింది. లోయలో పెద్ద రాయొకటి కదిలినట్టుంది, కాళ్ళ కింద వరండా పలకలు సన్నగా వణికాయి. "విన్నారా?" అంది అమ్మ. "అది నీళ్ళు కాదు. నీళ్ళదేముంది, నీళ్ళు తోసుకుపోతాయంతే. చంపేది రాళ్ళు." నది ఎత్తుగా పారుతోందని అంటోంది, అని వాళ్ళకు చెప్పాను. అది అబద్ధం కాదు. అందరూ చెవులు రిక్కించి విన్నారు, కెమెరా ఆయన లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళాడు, వెలుగు బాగుంది అన్నాడు.

అమ్మ కోకో ముద్దను పలక మీద వేసి కడ్డీలుగా చుట్టడం మొదలుపెట్టి, రెండు అరచేతులూ ముద్దతో నల్లబడ్డాక, వాటిని పైకెత్తి చూసుకుంది. "నాకు ఇద్దరు" అంది. "పిల్ల ఈ చేతిలో. పిల్లాడు ఈ చేతిలో." నా నోరు ఆగింది. "నడుం దాకా వచ్చేశాయి నీళ్ళు. ఎదర సీమపనస చెట్టు. చెట్టు దొరికితే బతికాం. ఏ చేత్తో పట్టుకోను? చెప్పండమ్మా. దేవుడు రెండే ఇచ్చాడు. ఏ చేత్తో పట్టుకోను?" వరండాలో ఒక్కొక్కరినీ చూసి అడిగింది, మాట వరసకు కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. అక్కచెల్లెళ్ళలో చిన్నామె పెన్ను పట్టుకుని, "ఏమంటోందండీ? ఏదో అడుగుతోంది కదా మమ్మల్ని?" అంది. నోరు తెరిచాను, అందులోంచి ఏం వస్తుందో నాకే తెలియదు, "కడ్డీ ఏ చేత్తో చుడతారని అడుగుతోంది" అని వచ్చింది. అబ్బో, ఎంత సంబరమో. కుడి, కుడి, అన్నారు అందరూ చేతులెత్తి, కొత్త పెళ్ళికూతురు ఉంగరమున్న ఎడమ చెయ్యి ఎత్తి, "నాది ఎడమ చేతి వాటం!" అని నవ్వింది. అమ్మ ఆ ఎత్తిన చేతినే చూసింది. చాలాసేపు చూసింది. "ఆఁ, ఎడమదే" అంది. "నేనూ ఎడమదే తెరిచాను. పిల్లాడు అందులోనే ఉన్నాడు."

అప్పుడు మదాం లోర్ లేచింది. కుర్చీ కాళ్ళు పలకల మీద కీచుమన్నాయి. గడ్డి టోపీ తీసి పొట్టకు ఆనించి పట్టుకుని, మెల్లగా అమ్మ ముందుకొచ్చి, మా క్రియోల్‌లో, మా యాసలో కాదు, మాకు ఉత్తరాన ఉన్న ఫ్రెంచి దీవి యాసలో, తుప్పు పట్టిన తాళంలో తాళంచెవి తిప్పినట్టు ఒక్కో మాటా తడుముకుంటూ, "మరి పిల్లనెందుకు వదల్లేదమ్మా?" అని అడిగింది. ఎవరూ అడగని ప్రశ్న. నేను అడగాలని నాకే తెలియని ప్రశ్న. అమ్మ ఆవిడ వంక మెచ్చుకోలుగా చూసింది, ఇన్నాళ్ళకు మాట తెలిసిన మనిషి దొరికిందన్నట్టు. "అది వదిలితేగా! గోళ్ళు దించేసింది ఇక్కడ, చూడు." కుడి మణికట్టు మీది కోకోను గౌను అంచుతో తుడిచి చూపించింది. నాలుగు మచ్చలు, నెలవంకల్లాంటివి. చిన్నప్పుడు అడిగితే నిమ్మముళ్ళు అనేది. "పిల్లాడు వదులుగా పట్టుకున్నాడు. అమ్మ ఉందిగా అని. వాడికి భయమే లేదు. భయం లేనివాణ్ణి వదిలెయ్యడం తేలికమ్మా, వాడు అడ్డం పడడు." "తర్వాత?" "తర్వాతేముంది, చెట్టు దొరికింది. ఫాదర్ అడిగాడు పిల్లాడేడని. పిల్ల వదిలేసిందని చెప్పాను. దానికి జ్వరం, ఒళ్ళు తెలీదు. చిన్నపిల్లని ఎవరేమంటారు? తల్లి వదిలేసిందంటే ఊరు ఊరుకుంటుందా? దాని నాన్న ఊరుకుంటాడా?" "దానికి ఎప్పుడూ చెప్పలేదా మరి?" "రేపు చెబుదాం రేపు చెబుదాం అనుకునేదాన్ని. ఈలోపు అది నమ్మేసింది. నాకు గుర్తుందమ్మా, వాడి వేళ్ళు జారడం నాకు గుర్తుంది, అని నాతోనే చెప్పి ఏడ్చింది. అంత గట్టిగా నమ్మినదానికి ఇంకేం చెబుతాం?" అని ముద్ద తీసి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది, కడ్డీ సన్నగా, నున్నగా, కొలిచినట్టు వచ్చింది.

అయితే ఆ వేళ్ళెవరివి. బొటనవేలు ముందు, చిటికెనవేలు ఆఖర్న, వెచ్చగా, సబ్బులా, అవి ఎవరి వేళ్ళు, ఎక్కడివి, ఏ జ్వరంలో ఎవరి మాటలు విని తయారుచేసుకున్నాను వాటిని, నలభై ఐదేళ్ళు రోజూ తీసి చూసుకునేంత నిజంగా. నేను పట్టుకున్నది వాడి చెయ్యి కాదు. నేను వదిలినదాన్ని కానే కాదు, నేను వదలనిదాన్ని, వదలకపోవడమే నేను చేసిన పని, అంత గట్టిగా పట్టుకోకపోతే అమ్మ నన్ను వదిలేదేమో, వాడుండేవాడేమో, అంటే ఇదీ నేనేనా, ఇటు తిరిగినా నేనేనా. ఆ సీమపనస చెట్టు మొన్నమొన్నటిదాకా ఉంది, ఊరంతా దాని కాయలు కాల్చుకు తినేవాళ్ళు, మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు, ఎందుకమ్మా అంటే చేదు అనేది. అగ్గిపెట్టె నా చేతికిచ్చి నువ్వే వెలిగించు అనేది, అది నాకు శిక్ష అనుకున్నాను, తను వెలిగించలేక ఇచ్చిందా. పండగలకు మాంసం ముక్క నా కంచంలోనే పెద్దది వేసేది, మళ్ళీ నా మొహం చూసేది కాదు. మంచిదేనా ఇది, మంచే అయ్యుండాలి, జైలు తలుపు తీశారు కదా, కానీ యాభై మూడేళ్ళకు తీస్తే ఎటు పోవాలి, హ్యూబర్ట్‌కు ముగ్గురు, నా ఒళ్ళు ఎండిపోయింది, ఆటలో చేర్చుకోని పిల్లలు కొందరు చచ్చిపోయారు కూడా. కోపం రావాలి. అటూ ఇటూ వెతికాను కోపం కోసం. దాన్ని ఎవరి మీద పెట్టాలో ఆ మనిషి అక్కడ లేదు, అక్కడున్నది ఓడ మనుషులకు కోకో కడ్డీలు చుట్టే ఒక ముసలామె, ఎదుటి మదాం మొహం తెల్లబోయిందేమిటా అని చూస్తోంది. "ఈ మదాంకి ఒంట్లో బాగాలేనట్టుంది, విల్మా, నీళ్ళియ్యి" అంది. నా గురించే.

"ఎంత బాగా చెప్పింది!" అంది అక్కచెల్లెళ్ళలో పెద్దామె. "ఇంతసేపు ఏం చెప్పిందండీ?" అందరూ నా వైపే చూస్తున్నారు, విల్మా పోసిన కప్పుల్లో కోకో పొగలు కక్కుతోంది. మదాం లోర్ మాత్రం నేలవైపు చూస్తోంది. వాళ్ళమ్మ దగ్గర ఈ పని ఎలా నేర్చుకుందో చెప్పింది, అన్నాను. పాతకాలపు సంగతులు. చిన్నామె పుస్తకంలో రాసుకుంది. పెళ్ళికూతురు అమ్మ పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది, కెమెరా టక్కుమంది, అమ్మ బిగుసుకుపోలేదు. పరాయివాళ్ళు ముట్టుకుంటే బిగుసుకుపోదు.

వ్యాను దగ్గర ఒక్కొక్కరూ ఎక్కుతుంటే మదాం లోర్ వెనకబడింది. నా పక్కకొచ్చి నిలబడి, "ఆ పిల్లవి నువ్వే" అంది. అడగలేదు, అంది. ఎలా తెలిసిందన్నాను. "ఏ చేత్తో చుడతారని అబద్ధం చెప్పావే, అందరూ చేతులెత్తారు, నువ్వు మాత్రం నీవి జేబుల్లో దాచేసుకున్నావు." వరండా వైపు తిరిగి చూసింది. "యాభై ఏళ్ళయింది ఈ భాష నా నోట్లో ఆడి. మా వాళ్ళెవరూ మిగల్లేదు. ఇలాంటిది వినడానికా ఇంతదూరం వచ్చాను." ఓదారుస్తుందేమో, భుజం మీద చెయ్యి వేస్తుందేమో అని భయపడ్డాను, వెయ్యలేదు, టోపీ తలమీద పెట్టుకుని గట్టిగా నొక్కుకుంది. "ఇదిగో చూడు పిల్లా, నా కళ్ళజోడు పోయిందంటాను, వీళ్ళందరి చేతా ఈ దొడ్డంతా వెతికిస్తాను, నీకు పది నిమిషాలు. వెళ్ళి అడగాల్సింది అడుగు, తిట్టాలనుంటే తిట్టు. అలాంటి తలుపులు రోజూ తెరుచుకోవు." నేను కదలకపోతే, "వెళ్ళవే!" అని కసిరింది, మా పిన్ని కసిరినట్టు. ఆ వెంటనే ఇంగ్లీషులో అయ్యో నా కళ్ళజోడు అని మొదలుపెట్టింది, అందరూ దిగారు, ఆస్బర్ట్ నా వైపు ప్రశ్నలాగా చూసి, ఏమీ అనకుండా వంగి టైర్ల కింద వెతకసాగాడు.

మెట్లెక్కాను. ఏం అడగాలో తెలియదు. ఎందుకు చేశావు అని కాదు, అది చెప్పేసింది. ఎందుకు చెప్పలేదు, అదీ చెప్పేసింది. బహుశా వాడు ఆఖర్న ఏమైనా అన్నాడా అని, అమ్మా అన్నాడా, అక్కా అన్నాడా, ఏ చొక్కా వేసుకున్నాడు, అలాంటి చిన్న సంగతులు, ఇన్నాళ్ళూ దోషిని కాబట్టి అడిగే హక్కు లేదనుకున్నవి. అమ్మ వరండా చివర స్టూలు మీద కూర్చుని ఉంది, విల్మా బేసినులో ఆవిడ చేతులు పెట్టి సబ్బుతో రుద్దుతోంది, నీళ్ళు నల్లగా తిరుగుతున్నాయి. కింద నది అలాగే మోగుతోంది, కానీ అమ్మ ఇప్పుడు దాన్ని వినడం లేదు. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను, చాలా ఏళ్ళయింది ఆవిడ ముందు అలా కూర్చుని. "అమ్మా" అన్నాను, "టిలూ..." "ఏ టిలూ?" "లుషియన్. నీ కొడుకు." అమ్మ మొహంలో ఏదో కదిలింది, వస్తోంది, మళ్ళీ వస్తోంది అనుకున్నాను. "ఓ, మా టిలూనా" అంది. "పోయాడు మదాం. పెద్ద తుఫానులో. వాడి చెయ్యి జెర్లీన్ చేతిలో పెట్టాను, అది వదిలేసింది." ఎక్కడా తడబడలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన ఒప్పజెప్పినట్టు, వెయ్యిసార్లు చెప్పి చెప్పి నున్నబడ్డ మాట, ఇందాకటి నిజానికి అంత నునుపు లేదు, అందుకే అది నిలవలేదు. విల్మా చేతులు బేసినులో ఆగిపోయాయి.

"కాదు" అన్నాను. ఆ మాట నా నోటినుంచి బయటికి రావడం అదే మొదటిసారి. "జెర్లీన్ వదల్లేదు." అమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది, నా కంపెనీ చొక్కా, మెడలో వేలాడే చీటీ, కాళ్ళకు బూట్లు. "నీకేం తెలుసు మదాం, ఓడలో వచ్చినదానివి" అంది, కోపంగా కాదు, పరాయివాళ్ళకు విప్పి చెప్పినట్టు. "నేను ఓడలో రాలేదమ్మా. ఇక్కడే పుట్టాను. ఈ ఊళ్ళోనే." కింద ఆస్బర్ట్ హారన్ కొట్టాడు, కళ్ళజోడు దొరికిందని ఎవరో కేకేశారు, నవ్వులు వినిపించాయి. అమ్మ తడి చేతులు బేసినులోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి, నా అమాయకత్వానికి నిజంగానే జాలిపడుతూ అంది.

"అయితే తెలియకపోవడమేంటి తల్లీ? ఊరంతటికీ తెలుసు."